పగిలే గిటారు

ఆదివారం మధ్యాహ్నం, నాలుగో పాట సగంలో ఉండగా, అందరూ పిడుగు అని పిలిచే పాటగాడు తన చెల్లెలి భుజాన ఉన్న గిటారు లాక్కున్నాడు. లాక్కుని, దాని మెడ రెండు చేతులా పట్టుకుని, బారులో ముందు బల్ల దగ్గర కూర్చున్న టైర్ల వ్యాపారి తల మీద దింపాడు. ఆ పెద్దమనిషి చేసిన నేరం ఒక్కటే. "ఆ పాడేవాణ్ణి దించేసి ఆవిడ చేత వాయించండయ్యా, మా చెవులన్నా మిగులుతాయి" అన్నాడు. అన్నందుకు ఎడమ చెవి పోయింది, దాని వెనక పదిహేడు కుట్లు పడ్డాయి. గిటారు మెడ మొదలంటా చీలి, తీగలు పట్టుకుని ఉండబట్టి వేలాడింది.

పాట వెంటనే ఆగలేదు. డ్రమ్ములవాడు కళ్ళు మూసుకుని వాయించే రకం. ఇంకో అరనిమిషం తన పని తను చేసుకుపోయాడు. ఆ అరనిమిషంలో వ్యాపారి స్నేహితులు ఇద్దరు పిడుగును కింద పడేసి పక్కటెముకల్లో తన్నారు, పిడుగు వాళ్ళలో ఒకడి వేలు ఎముక తగిలేదాకా కొరికాడు, బారు యజమాని గల్లాపెట్టెతో సహా బల్ల కింద దూరాడు. చెల్లెలు ఖాళీ చేతులతో నిలబడి, నేల మీద నెత్తురు తన చెప్పుల దాకా రావడం చూస్తూ ఉండిపోయింది.

ఆ చెల్లెలిని బజారంతా కాయిలక్క అంటారు. కాలిపోయిన మోటార్లకి కొత్త రాగి తీగ చుట్టడం ఆమె పని. మాడిన పాత చుట్టలను ఉలితో నరికి లాగడం, లోపలి గాడుల్లో కాగితం దోపడం, లెక్క తప్పకుండా తీగ చుట్టడం, వార్నిష్ పోసి ఎండబెట్టడం. ఇరవై ఏళ్ళుగా ఇదే. చేతుల నిండా వార్నిష్ మరకలు, ఎడమ చేతి వేళ్ళ చివర గిటారు తీగల వల్ల కాచిన కాయలు. ఏ ఇంట్లో నీళ్ళ పంపు కాలినా ముందు ఆమె దగ్గరికే తెస్తారు. శని, ఆదివారాలు మాత్రం ఆమె కొట్టు తెరవదు. ఆ రెండు రోజులూ బారులో గిటారు వాయిస్తుంది. మిగతా ఐదు రోజులూ ఆ రెండు రోజుల కోసమే బతుకుతున్నానని ఎవరితోనూ అనలేదు గానీ, అది నిజం.

పిడుగు ఆమె కన్నా ఐదేళ్ళు పెద్ద. గొంతు ఒకప్పుడు బాగానే ఉండేది. కొందరికి ముక్కు మీద కోపం ఉంటుంది. ఇతని కోపం ముక్కు మీద ఒక్క క్షణం కూడా ఆగేది కాదు, తిన్నగా పిడికిట్లోకి దిగేది. గోదాములో ఉద్యోగం సూపర్‌వైజరు పళ్ళు రెండు రాలగొట్టి పోగొట్టుకున్నాడు. పెళ్ళాం రెండేళ్ళ కిందట పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదని వీధిలో ఎవరూ అడగలేదు, వెళ్ళేనాటి ఆమె దవడను అందరూ చూశారు.

అలాంటివాణ్ణి వెంటేసుకు తిరగడం కొరివితో తల గోక్కోవడం కాదా అని మీరడగొచ్చు. బారు యజమాని కూడా అదే అడిగాడు. దానికి కాయిలక్క దగ్గర జవాబు ఉంది గానీ, అది బారులో చెప్పుకునేది కాదు. వాళ్ళ నాన్న లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. ఇంటికి రాగానే చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు, కారణం తర్వాత వెతుక్కునేవాడు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి కొయ్య సుత్తి ఎత్తాడు. పద్నాలుగేళ్ళ అన్న ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. మోచెయ్యి చితికింది. ఆ చెయ్యి ఈనాటికీ పూర్తిగా చాచలేడు. ఆ తర్వాత ఆ ఇంట్లో చెల్లెలికి పడాల్సిన దెబ్బలన్నీ అన్నే తిన్నాడు, అడగకుండానే, చెప్పుకోకుండానే. ఇరవయ్యో ఏట ఒకరోజు తిరిగి తండ్రినే కొట్టాడు. తండ్రి నేల మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఆ మంచి రోజు నుంచే పిడుగు పాడైపోయాడని కాయిలక్క నమ్మకం.

కాబట్టి అన్నను వదిలెయ్యలేదు. అలాగని చూస్తూ ఊరుకోనూ లేదు. టైర్ల వ్యాపారి బతికాడంటే వాడి అదృష్టం, దెబ్బ రెండు వేళ్ళు పక్కకి పడింది. ఇంకోసారి అలా పక్కకి పడదు. ఆ ఇంకోసారి పోయే ప్రాణం ఎవరిదో గానీ, ఆ ప్రాణం తీసేది తన చేతిలోని గిటారే అవుతుందని ఆమెకి రాత్రీ పగలూ అదే బెంగ. బారు యజమాని ఏమో, "శనివారానికల్లా గిటారుతో వస్తే రా, లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటా" అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, బుధవారానికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. అన్నను మార్చడం ఎలాగూ చేత కాలేదు, గిటారునైనా మారుద్దామనుకుంది.

విరిగినది అసలు సిసలు పాత మోడలు. ఒంటికొమ్ముదంటారు, పక్కన ఒకే ఒక వంపు ఉంటుంది. వేళ్ళు వంకర్లు పోయి వాయించడం మానేసిన ఒక ముసలాయన దగ్గర పదేళ్ళ కిందట కొనుక్కుంది. ఇప్పుడు అలాంటిది కావాలంటే కొట్టు అమ్మినా చాలదు. కాపీలే గతి. గిటారు మేస్త్రి దుకాణం మేడ మీద, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. చిన్న గది, కిటికీ దగ్గర పని బల్ల, గోడకి కొక్కేలు. ఆ కొక్కేలకి ఒంటికొమ్ము కాపీలు మూడు వేలాడుతున్నాయి. మూడూ ఒకే రంగు, ఒకే నిగనిగ. దూరం నుంచి చూస్తే ముగ్గురు కవల పిల్లలే.

పిడుగు కూడా వచ్చాడు. పక్కటెముకలకి కట్టు కట్టించుకుని, "నేను పగలగొట్టాను కదా, నేనే చూసి ఇప్పిస్తా" అని వెంటపడ్డాడు. నేరం చేసిన మర్నాటి నుంచి నాలుగు రోజుల పాటు అతని కన్నా మంచివాడు ఉండడు. ఆ నాలుగు రోజులు చూసే పెళ్ళాం ఎనిమిదేళ్ళు కాపురం చేసింది.

మేస్త్రి మొదటిదాన్ని దించి బల్ల మీద పడుకోబెట్టాడు. "అసలుదానికి మెడ జిగురుతో అతికిస్తారమ్మా. దీనికి నాలుగు స్క్రూలు. అసలు కాదని వెనక్కి తిప్పితే తెలిసిపోద్ది, అంతే తేడా. చెక్క గట్టి చెక్క. బరువు నాలుగున్నర కిలోలు. నీ వాయింపుకి ఇదే సరి."

కాయిలక్క సంచిలోంచి, లోపల రాగి తెగిందో లేదో చూపించే తన మీటరు తీసింది. గిటారు తీగల కింద చిన్న కాయిళ్ళుంటాయి, వెంట్రుక కన్నా సన్నని రాగి వేల చుట్లు చుట్టినవి. కొనేవాళ్ళు రంగు చూస్తారు, ఈమె రాగి చూస్తుంది. మీటరు ముళ్ళు రెండూ ఆనించింది. ఏడున్నర కిలో ఓములు చూపించింది. మంచి లెక్కే. తీగలు మీటి చూసింది. గొంతు నిండుగా పలికింది, ఆదివారం చచ్చిపోయినది మళ్ళీ లేచి వచ్చినట్టే ఉంది. అంత బాగున్నందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

"దీంతో ఎవర్నన్నా కొడితే ఏమవుతుంది మేస్త్రీ?" అని మెల్లగా అడిగింది. పిడుగు అప్పుడు కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు.

మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "దీనికేం కాదు. ఎద్దుని కొట్టినా మెడ ఊడదు."

"రెండోది?"

"అది జిగురుది. కింద పడితే చాలు, తల దగ్గర పుటుక్కుమంటుంది. కానీ ఒళ్ళు గట్టిదే, అంత బరువూ ఉంది."

"మూడోది?"

మేస్త్రి మూడోదాన్ని దించి వేలి కణుపుతో పొట్ట మీద కొట్టాడు. డబ్‌మంది. "పాతకాలం చవక కాపీ. పైన ఒత్తిన పల్చటి ప్లైవుడ్, లోపల బోలు. కొడితే అప్పడంలా పొడైపోద్ది. పైగా సౌండ్ పెంచితే ఊళపెడుతుంది. ఒక కాయిల్ కూడా చచ్చింది. పిల్లలు నేర్చుకోడానికి పెట్టా."

"ఇదివ్వండి."

మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. "ముప్ఫై ఏళ్ళలో అందరూ పగలనిది ఇవ్వమనే అడిగారు. నువ్వు కొనేది వాయించుకోడానికా, పగలగొట్టుకోడానికా?"

ఆమె జవాబు చెప్పేలోపు పిడుగు బల్ల దగ్గరికి వచ్చాడు. మొదటిదాన్ని అందుకున్నాడు. ఎవరన్నా గిటారు ఎత్తితే ఒడిలో పెట్టుకుంటారు, భుజానికి తగిలించుకుంటారు. ఇతను దాని మెడ పట్టుకుని తలకిందులుగా ఎత్తి, మణికట్టుతో రెండుసార్లు ఊపి చూశాడు. "ఇది తీసుకోవే. చేతిలో బాగా నిలుస్తోంది" అన్నాడు. అతని మనసులో ఏ పాపమూ లేదు. బరువు బాగుంటే సరుకు బాగున్నట్టేనని అతని ఉద్దేశం. కాయిలక్క ఆ ఊపు చూసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. అది చేతుల్లో ఇంతలా పేరుకుని ఉంటుందని ఆమె అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. టైర్ల వ్యాపారి బావమరుదులు ముగ్గురు పైకి వచ్చారు. మూడు రోజులుగా పిడుగు కోసం వెతుకుతున్నారట. ముందున్నవాడి చేతిలో లారీ చక్రాల నట్లు విప్పే ఇనప పానా ఉంది, మూర పొడవుది.

"వీడేనా?" అన్నాడు వెనకవాడు.

"వీడే" అని ముందువాడు పానా తిప్పి కొట్టాడు. అది పిడుగు చెంప రాసుకుంటూ పోయి గోడ పెచ్చు లేపింది. మేస్త్రి బల్ల వెనక్కి చేరి, "ఇక్కడొద్దు బాబూ, సామాను, సామాను" అంటూనే ఉన్నాడు. ఎవడు వింటాడు. రెండోసారి పానా లేచేసరికి పిడుగు చేతిలోని నాలుగున్నర కిలోలూ గాల్లోకి లేచాయి. మొదటి దెబ్బ పానా పట్టుకున్న చేతికి తగిలింది, పానా నేల మీద పడి దొర్లింది. రెండో దెబ్బ మోకాలికి. లోపల ఏదో పగిలిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది. వాడు అరుస్తూ పక్కకి ఒరిగాడు. మిగతా ఇద్దరిలో ఒకడు పిడుగు మెడ వెనక నుంచి పట్టుకున్నాడు. పిడుగు తల వెనక్కి విసిరితే వాడి ముక్కు చితికి, నెత్తురు మేస్త్రి చెక్క పొట్టులో పడింది. మూడోవాడు వచ్చిన దారినే మెట్లు దిగి పారిపోయాడు.

గొడవ అక్కడికి అయిపోయింది. ముక్కువాడు మొహం పట్టుకుని కూర్చున్నాడు. మోకాలువాడు వెల్లకిలా పడి, రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "వద్దన్నా, వద్దన్నా" అంటున్నాడు. పిడుగు వాడికి అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడి, గిటారు తల మీదకి ఎత్తాడు. కాయిలక్క అతని కళ్ళు చూసింది. అతను ఆ గదిలో లేడు. "అన్నయ్యా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. అతని భుజాలు బిగుసుకున్నాయి. మోటారు తిరుగుతుండగా ఎంత వేగంలో ఉందో చప్పుడుబట్టి ఆమెకి తెలుస్తుంది. ఇదిక ఆగదని అలాగే తెలిసింది.

ఆమె వంగి పానా తీసి, అన్న కుడి చేతి మీద కొట్టింది. మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, బలమంతా పెట్టి. ఎముకలు రెండూ విరిగాయి. గిటారు జారి, కింద ఉన్నవాడి చెవి పక్కగా నేల మీద పడింది. మేస్త్రి చెప్పినట్టే దానికి ఏమీ కాలేదు, తీగలు మాత్రం కాసేపు మోగుతూ ఉన్నాయి. పిడుగు మోకాళ్ళ మీద కూలి, విరిగిన చెయ్యి పొట్టకి అదుముకున్నాడు.

అప్పుడు కాయిలక్క మళ్ళీ కొట్టింది. వంగి ఉన్న వీపు మీద, రెండు రెక్కల మధ్య. ఆ దెబ్బతో ఎవరినీ కాపాడేది లేదు. మూడోదానికి పానా ఎత్తితే మేస్త్రి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "చాలమ్మా, ఇక చాలు" అన్నాడు. ఆ వేళ్ళ మధ్య నుంచి పానా ఊడబెరకడానికి ఆయనకి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఆసుపత్రిలో పిడుగు చేతిని మోచేతి దాకా సిమెంటు కట్టులో పెట్టారు. మూడు నెలలన్నారు. వీపు మీద పానా ముద్ర నల్లగా, జానెడు పొడవున తేలింది. అదే వార్డులో చివరి మంచం మీద మోకాలువాడు ఉన్నాడు. వాడి మనుషులూ వీళ్ళూ ఎదురుపడకుండా నర్సు మధ్యలో తెర లాగింది. కాయిలక్క స్టూలు మీద కూర్చుని అన్నకి చెంచాతో అన్నం పెడుతోంది. ఒక చెయ్యి చాచలేడు, ఒక చెయ్యి కదపలేడు. ఒకటి ఆమె కోసం విరిగింది, ఒకటి ఆమె చేతిలో విరిగింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక ఎవరూ ఎత్తలేదు.

నాలుగు ముద్దలు తిన్నాక పిడుగు అడిగాడు. "చేతి మీద ఎందుకు కొట్టావో అర్థమైంది. లేకపోతే వాడు పోయేవాడు. వీపు మీద దేనికే?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచింది. భయమేసిందనో, చూసుకోలేదనో అంటే అయిపోయేది. అన్న మొహం చూస్తే ఆ మాట రాలేదు.

"బాగనిపించింది అన్నయ్యా" అంది.

పిడుగు నమలడం ఆపాడు. కోప్పడతాడనుకుంది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోడానికి చెయ్యి లేదు, ఆమే కొంగుతో తుడిచింది.

"నాన్నని కొట్టినప్పుడు నాకూ అలాగే ఉంది" అన్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వు అమ్మ పోలికే అనుకున్నా. ఆ దెబ్బలన్నీ తిన్నందుకు నువ్వొక్కదానివన్నా బాగున్నావులే అనుకుంటా ఉన్నా."

కాయిలక్క గిన్నె మూత పెట్టి బయటికి వచ్చింది. ఆసుపత్రి వసారాలో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. అన్నకి చేసిన అన్యాయం కన్నా, అది చేస్తున్నప్పుడు ఒళ్ళంతా పాకిన ఆ సుఖం ఆమెకి అసహ్యంగా ఉంది. ఇంకా ఘోరం ఏమిటంటే, తలుచుకుంటే ఇప్పుడూ పాకుతోంది.

శుక్రవారం మళ్ళీ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన నేల కడిగించాడు, గోడ పెచ్చు పూడ్చాడు. మొదటి కాపీని శుభ్రం చేసి, కొత్త తీగలు వేసి, బల్ల మీద సిద్ధంగా పెట్టాడు. "చూడు, మనిషి మోకాలు చితక్కొట్టినా దీనికి గీత పడలేదు. తీసుకెళ్ళు. మీ అన్న మూడు నెలలు స్టేజీ ఎక్కడు, ఆ తర్వాత సంగతి తర్వాత. నీకిక భయమేముంది?"

ఆమె ఒడిలో పెట్టుకుని వాయించింది. నిండుగా, తియ్యగా పలికింది. ఇలాంటి గొంతు ఇంత చవకలో మళ్ళీ దొరకదు. పాట అయిపోయాక ఎడమ చెయ్యి మెడ చుట్టూ అలాగే ఉండిపోయింది. బరువు ఎక్కడుందో ఆ చేతికి తెలిసిపోయింది. ఎలా ఎత్తితే ఎలా దిగుతుందో కూడా తెలిసిపోయింది. ఆమె లేచి దాన్ని కొక్కేనికి తగిలించింది.

"ఆ బోలుదే ఇవ్వండి మేస్త్రీ."

"మళ్ళీ అదేనా? మీ అన్న లేడుగా ఇప్పుడు."

"నేనున్నానుగా" అంది కాయిలక్క.

మేస్త్రి ఆమె చేతులు చూశాడు. ఆ మణికట్టు పట్టుకున్నది ఆయనే గనక ఇంకేమీ అడగలేదు. మూడోదాన్ని దించి గుడ్డ సంచిలో పెట్టాడు. ఆమె ఆ రోజంతా కొట్టులో కూర్చుని చచ్చిన కాయిల్ విప్పి, వెంట్రుకంత తీగతో మళ్ళీ చుట్టింది. మూడుసార్లు తెగింది, మూడుసార్లూ మొదటి నుంచి చుట్టింది. ఊళ తగ్గడానికి పొట్టలో స్పాంజి ముక్కలు కుక్కింది.

శనివారం సాయంత్రం బారు సగం నిండింది. పాడేవాడు లేడు, ఆమె, డ్రమ్ములవాడు, అంతే. మొదటి పాటలో గిటారు రెండుసార్లు ఊళపెట్టింది, రెండో పాటకి లొంగింది. మూడో పాటలో ఉండగా ముందు బల్ల నుంచి ఒకడు గ్లాసు ఎత్తి, "ఏమ్మా, సొంత అన్న చెయ్యే విరగ్గొట్టావటగా, మీది కసాయి కొంపా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. కాయిలక్క కుడి చెయ్యి తీగల మీంచి లేచిపోయింది, ఎడమ చెయ్యి మెడ మీద బిగుసుకుంది. పాట తెగిపోయినందుకు డ్రమ్ములవాడు కళ్ళు తెరిచి చూశాడు, కానీ చేతులు ఆపలేదు. ఆ గ్లాసువాడి నుదురు ఎంత దూరంలో ఉందో ఆమెకి తెలుసు. నాలుగు చుట్లు డ్రమ్ము ఒక్కటే మోగింది. ఆమె ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ తీగల మీద పెట్టింది.